పక్కచూపు

మెడికల్ షాపులో తన ముందు నిలబడ్డ మనిషి అడిగిన కంటిచుక్కల పేరు విని కరుణకుమారి ఉలిక్కిపడింది.

ఆ మందు ఆమెకి బాగా తెలుసు. నీటికాసుల జబ్బుకి, అంటే గ్లకోమాకి, అన్నయ్య జోసఫ్ రాజు వేసుకునేవాడు. వేసుకున్నంత కాలం నర్సీపట్నంలో ఆటో నడిపాడు. ఆ చుక్కలు మాన్పించింది, ఇప్పుడు వాటిని కొంటున్న ఈ వీరేంద్రే.

వీరేంద్రకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంటర్ ఉంది. కళ్లకి గాగుల్స్ లాంటిది తగిలించి మెషీన్ ఆన్ చేస్తాడు. అయస్కాంత తరంగాలు కంటి నరానికి ప్రాణం పోస్తాయంటాడు. మందులు వాడితే తరంగాలు పనిచెయ్యవని జోసఫ్ రాజుకి చెప్పాడు. ఏడాది తిరక్కుండా జోసఫ్ రాజుకి లోకం చీకటైపోయింది. అడగడానికి వెళ్లిన ఏంజెలిన్ వదినతో, "మీ ఆయనకి నమ్మకం తక్కువమ్మా" అని తలుపేసుకున్నాడు.

వీరేంద్ర సీసా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. కరుణకుమారి వైపు చూడను కూడా లేదు.

"ఆ మందు ఎవరికండీ?" అని షాపాయన్ని అడిగింది.

"ఆయనకే. చాన్నాళ్లుగా వాడతన్నారు."

అన్నయ్యని చూసిన విశాఖ డాక్టర్, ఈ జబ్బు తోబుట్టువులకీ రావచ్చని, పరీక్ష చేయించుకోమని ఆమెకి చెప్పాడు. కరుణకుమారి అప్పుడే వెళ్లి చేయించుకుంది. ఏం తేలిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఆమె ఇంటికెళ్లే మాకవరపాలెం బస్సు ఎక్కలేదు. పళ్లు బిగించి సెంటర్‌కి నడిచింది. గుమ్మం దాటగానే పక్కనున్న కుర్చీకి మోకాలు కొట్టుకుంది.

"చూసుకోవాలి కదమ్మా. ఏంటి ఇబ్బంది?" అన్నాడు వీరేంద్ర.

నోటిదాకా వచ్చిన మాటలు మింగేసింది. "ఎదురుగా ఉన్నది బానే కనబడతాదండీ. పక్కలే తెలీడం లేదు. మందులేం వాడట్లేదు."

అతను చూపుడు వేలు ఆమె చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. కనపడగానే చెప్పమన్నాడు. వేలు దాదాపు ముక్కు దగ్గరికొచ్చాక, "ఇప్పుడండీ" అంది కరుణకుమారి.

అతని ముఖం వాడిపోయింది. గాగుల్స్ తీసి ఆమె కళ్లకి పెట్టాడు.

సంగతి తెలిసి ఏంజెలిన్ మండిపడింది. "మీ అన్నయ్య కళ్లు తీసేసినోడి కాడికే పోతన్నావా? నీకు సిగ్గు లేదేటి?"

"నాకు కావాల్సింది అక్కడే ఉంది వదినా."

మంచం మీదున్న జోసఫ్ రాజు గాల్లో చెయ్యి చాపి చెల్లెలి చెయ్యి వెతుక్కున్నాడు. "నీకూ మొదలైపోయిందేటమ్మా?" అన్నాడు. ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొన్ని వారాలకి వేలు కాస్త ముందే కనపడింది. తర్వాత ఇంకాస్త ముందు. వీరేంద్ర మొదట నమ్మలేదు. మళ్లీ మళ్లీ వేలు పెట్టి చూశాడు. కుడి నుంచి, ఎడమ నుంచి, పైనుంచి. ఆ మెషీన్ కింద ఎంతోమంది కూర్చున్నారు. ఒక్కరికీ చూపు మెరుగవడం అతను చూడలేదు.

"నీ ఫొటో ఫ్లెక్సీ మీద వేయిస్తానమ్మా," అన్నాడు.

"వద్దండీ. నా పేరు ఎక్కడా చెప్పకండి. ఒట్టెయ్యండి. ఇంట్లో ఊరుకోరు."

అతను ఒట్టేశాడు. పేరే వద్దన్న మనిషికి అబద్ధం చెప్పే అవసరం ఏముంటుందనుకున్నాడు.

మరోసారి వెళ్లేసరికి సెంటర్లో వీరేంద్ర కళ్లకే గాగుల్స్ ఉన్నాయి. మెషీన్ టిక్కుటిక్కుమంటోంది.

"మీరూ పెట్టుకున్నారేటండీ?"

"నాదీ నీ జబ్బేనమ్మా. ఇన్నాళ్లూ చుక్కలు వేసుకునేవాణ్ని. నిన్ను చూశాక మానేశాను." గాగుల్స్ సర్దుకుంటూ, "తప్పు చేయట్లేదు కదా?" అన్నాడు.

వీధిలో ఏదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. కరుణకుమారి ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింది.

"మంచి పని చేశారండీ," అంది.

ఆ తర్వాత ఆమె సెంటర్‌కి వెళ్లలేదు.

ఏడాది గడిచింది. సెంటర్ మూతపడింది. ఆపరేషన్లు చేసినా వీరేంద్రకి చూపు నిలబడలేదని కాంప్లెక్స్ దగ్గర చెప్పుకున్నారు. ఆ వారమే కరుణకుమారి అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

వరండాలో కుర్చీలో ఉన్నాడు. అడుగుల చప్పుడుకి తల తిప్పాడు, కానీ ఆమె ఉన్న వైపు కాదు. ఆమె పలకరించగానే గొంతు గుర్తుపట్టాడు.

"నేను ఆటో జోసఫ్ రాజు చెల్లెల్నండీ," అంది.

అతను ఆలోచించాడు. "ఏ జోసఫ్ రాజు?"

కరుణకుమారి పెదవులు బిగుసుకున్నాయి.

"అది సరేనమ్మా," వీరేంద్ర చేతులు చాపి ముందుకు వంగాడు. "నీ దేవుడి మీద ఒట్టేసి నిజం చెప్పు. అదే మెషీన్, అదే జబ్బు. నాకు పోయిన చూపు నీకెలా వచ్చింది?"

"నా కళ్లకి ఎప్పుడూ ఏ జబ్బూ లేదండీ," అంది కరుణకుమారి.