తాత తిన్న కొవ్వు

మాంసం కొట్టు వెనకాల బతికే కుక్కలకు ఒక ఆనవాయితీ ఉంది. జతకట్టే చిత్తకార్తెకు ముందు నెల్లాళ్ళూ మగకుక్కలన్నీ కొవ్వు ముద్దలే తింటాయి. అలా తింటే పుట్టే పిల్లలు గట్టిగా ఉంటాయని వాటి నమ్మకం.

పడుచుకుక్క ఎర్రన్న ఎన్నడూ కొవ్వు ముట్టలేదు. అయినా స్తంభం దగ్గర కాలెత్తి ఎంతసేపు నిలబడినా రెండు బొట్లే పడుతున్నాయి. హద్దు వాసన పలచబడి పక్కవీధి కుక్కలు లోపలికి వచ్చేస్తున్నాయి.

"నేనేం తిన్నానని నాకీ రోగం, తాతా?"

ముసలి బూడిదయ్య నిట్టూర్చాడు. "నువ్వు తినలేదురా, నేను తిన్నాను. ఆ కొవ్వుకే లోపల గడ్డ వాచి ధార ఆగిపోతే, ముసలితనం అనుకున్నాను. మీ నాన్నా తిన్నాడు, వాడికి నడివయసులోనే వచ్చింది. నీకు ఈ పడుచు వయసులోనే వచ్చింది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పడానికి నోరు ఖాళీగా ఉంటే కదరా!"

"మరి నాకు పుట్టబోయేవాళ్ళకి?"

"తెలియదురా. నువ్వు తినలేదు కదా, కాస్త తగ్గుతుందేమో."

అంతలో కొట్టువాడు కొవ్వు గుమ్మరించాడు. కుక్కలన్నీ పరుగెత్తాయి. బూడిదయ్య లేచి వెళ్ళి వాటికి అడ్డంగా పడుకున్నాడు.

"ముసలోడికి అరగదు, అందుకే మనకు నీతులు!" అని ఒక కుక్క నవ్వింది.

"అవునురా, అరగదు. అరిగే రోజుల్లో నాకు ఎవడూ ఇలా అడ్డం పడలేదు."

కుక్కలు ఆయన మీదుగా దూకి పోయాయి. ఎర్రన్న వచ్చి తాత పక్కనే అడ్డంగా పడుకున్నాడు.