ఈ వారం రోగం

"ఏమమ్మా మార్గరెట్, ఈ వారం ఏం రోగం?"

క్లాసు గొల్లుమంది.

డాక్టర్ గుండూరావు పాఠం మొదలుపెట్టేది ఇట్లాగే. కోలారు చుట్టుపక్కల ఆయనంతటి సర్జన్ లేడని పేరు. అంతటి నోటి దురుసు మనిషి కూడా లేడని ఆ మెడికల్ కాలేజీలో చెప్పుకుంటారు.

ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది మార్గరెట్టే. రెండో ఏట క్షయ గురించి చదివి, తనకు క్షయ వచ్చిందని ఎక్స్‌రే తీయించుకుంది. గుండె పాఠాలు అయ్యాక గుండెదడ అంది. మెదడులో గడ్డల గురించి చదివిన నెలలో తలనొప్పి అని ఏడ్చి హాస్టలంతా ఏకం చేసింది. మెడిసిన్ చదివేవాళ్ళకు ఇది మామూలే. మిగతావాళ్ళు భయాన్ని లోపలే దాచుకున్నారు. ఆమెకు దాచుకోవడం చేతకాలేదు.

గుండూరావు అది పట్టుకుని వదల్లేదు. ఆమె తండ్రి అమోసు కేజీఎఫ్‌లోని ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో పనిచేస్తాడని తెలిశాక మరీను.

"గనుల్లో బంగారం అయిపోయినాది. ఇంగ మీ కేజీఎఫ్ వాళ్ళు రోగాలు తవ్వుతా ఉండారు."

ఈ టర్ములో ఆమె బ్యాచీకి సర్జరీ పోస్టింగు. పొద్దున వార్డులో, ఆపరేషన్ థియేటర్లో ఆయన వెనకే తిరగాలి. మధ్యాహ్నం క్లాసులో ఆయన నోటికి దొరకాలి.

సోమవారం ఆమె ధైర్యం చేసి ఆయన గదికి వెళ్ళింది. తల్లి ఎస్తరమ్మ మెడలో థైరాయిడ్ గడ్డతో ఆ కాలేజీ ఆస్పత్రిలోనే చేరి ఉంది. గురువారం ఆపరేషన్. చేసేది గుండూరావే.

"అమ్మ ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపుదామా సార్? లేదంటే బెంగుళూరికి..."

"ఏం, మీ అమ్మ గడ్డ నీకూ వచ్చిందా?"

"అది కాదు సార్. అమ్మ చర్చిలో పాడతాది. ఆ గొంతు..."

"బయటికి నడువు. నీ పిరికితనం పేషెంట్లకు అంటించినావంటే ఈ ఏడు ఎట్లా పాసవుతావో నేనూ చూస్తాను."

తల్లికి చెప్పబోతే ఆమే కసిరింది. "అంత పెద్ద డాక్టరు దొరికినాడు. నీ పిచ్చి నాకు పట్టించొద్దు పాపా."

ఇవాళ బుధవారం. ఆ ప్రశ్నకు ఎప్పుడూ తల వంచుకునే మార్గరెట్ లేచి నిలబడింది.

"ఉండాది సార్," అంది.

ఈసారి క్లాసు బల్లలు చరిచింది. గుండూరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"చెప్పు తల్లీ, వింటాం."

"వాసనలు తెలియడం లేదు సార్. పోయిన వారం వార్డులో కుళ్ళిన కాలికి కట్టు విప్పితే అందరూ ముక్కు మూసుకున్నారు. ఏమీ తెలీలేదు."

"జలుబు. ఇంగేం?"

"రాయను మొదలుపెడితే అక్షరాలు బాగానే ఉంటాయి. పోను పోను చీమల మాదిరి అయిపోతాయి."

"పేపరు దిద్దేవాడికి తప్పులు కనబడకుండా. మంచి ఉపాయం."

నవ్వులు.

"కుట్లకు ముడులు వేసేటప్పుడు ఎడమచేతి వేళ్ళు వెనకబడతా ఉండాయి. ముందు ఇట్లా లేదు."

"ప్రాక్టీసని కుర్చీ కాళ్ళకు దారాలు కట్టి కట్టి అలిసిపోయినాయి, పాపం."

"నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగడం లేదు సార్."

"ఏదీ, నడువు చూస్తాం."

ఆమె బల్లల మధ్య నడిచింది. రెండు చేతులూ చక్కగా ఊగాయి. వెనక నుంచి ప్రాణేశ్ "లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్" అని అరిచాడు. మార్గరెట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చోటికి వచ్చింది కానీ కూర్చోలేదు.

"జబ్బుకు పేరు కూడా నువ్వే పెట్టుకున్నావా?" అన్నాడు గుండూరావు.

"పార్కిన్సన్స్ అనుకుంటాను సార్. ఇప్పుడిప్పుడే మొదలు."

"ఇరవై ఏళ్ళ పిల్లకి!" ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేయప్పా శ్రీకంఠా. ఫస్ట్ ర్యాంకు నీదే కదా. ఈమె చెప్పినవన్నీ నిజంగానే ఒక మనిషిలో ఉంటే ఏమంటావు?"

"అన్నీ ఒకే మనిషిలో ఉంటే పార్కిన్సన్సే సార్."

"కరెక్ట్. అనుమానమే లేదు. పుస్తకం బాగానే బట్టీ పట్టినావు మార్గరెట్."

"అట్లాంటి మనిషి ఆపరేషన్లు చేయొచ్చా సార్?"

ఆయన మొహంలో నవ్వు పోయి చిరాకు వచ్చింది.

"అదేం ప్రశ్న? రేపు మీ అమ్మ మెడలో వెంట్రుకంత నరం పక్కన కత్తి ఆడించాలి. వేళ్ళు మాట విననోడు ఆ కత్తి పట్టుకుంటే ఆమె గొంతు జన్మకు తిరిగి రాదు. అట్లాంటోడి ముందర మా ఇంటి కుక్కను కూడా పడుకోబెట్టను నేను. సర్జన్ కావాలనే ఆశ ఉంటే ఇప్పుడే వదిలేసుకో. అందరూ విన్నారు కదా?"

"విన్నాం సార్," అంది క్లాసంతా.

"ఇంగ కూర్చో."

మార్గరెట్ కూర్చోలేదు. చేతులు రెండూ బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. మాట చివరి బెంచీ దాకా వినబడింది.

"వీటిల్లో ఒక్కటైనా నాకు ఉండాదని నేను చెప్పలేదు సార్, అన్నీ మీలో చూసినాను."