లాస్ట్ ప్రైస్ ముప్పై ఎనిమిది

"బార్గెయిన్ అంటే?"

"బేరం."

"డెడ్‌లైన్ అంటే?"

"సచ్చినోళ్ల లైను," అన్నాడు ధనుంజయ్.

శ్రీవాణి పగలబడి నవ్వింది. పెళ్లయి ఇరవై రోజులు. గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. జగిత్యాలలో డిగ్రీ చదివి సిరిసిల్ల కోడలైంది. ఇప్పుడు కాటుకతో మీసాలు దిద్దుకుని, మొగుడి తువ్వాలు మెడలో వేసుకుని, గుడ్డ కొనే ఏజెంటు వేషం కట్టింది. ఎదురుగా ధనుంజయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అసలు ఏజెంటు బయట అరుగు మీద కూర్చున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

అతని పేరు కార్తికేయ. కోయంబత్తూరు కంపెనీ మనిషి. కారు దిగుతూనే "నో తెలుగు. ఓన్లీ ఇంగ్లిష్," అన్నాడు. తొందర లేదు, ఆలోచించుకోండి అన్నట్టు సైగ చేసి ఫోన్ తీశాడు.

పోయిన నెల ఎదురింటి రాజనర్సు అరుగు మీద కూడా ఇలాగే కూర్చున్నాడు. రాజనర్సు వంటింట్లో భార్యతో అనుకున్న ఆఖరి అంకెనే, మనసు చదివినట్టు, బయట పలికాడు. ఒక్క పైసా ఎక్కువ ఇవ్వలేదు. నూలు ధర కాస్త పెరిగేసరికి రాజనర్సుకు కూలి కూడా గిట్టలేదు. ఆయన సాంచెలు, ఆ మరమగ్గాలన్నీ, పాత ఇనుము లారీ ఎక్కాయి.

ఆ లారీ ఇప్పుడు సందు చివర ఆగి ఉంది. పొద్దున దాని డ్రైవర్ ధనుంజయ్ షెడ్డులోకి తొంగి చూసి, ఎనిమిది సాంచెలనూ కళ్లతోనే తూచి వెళ్లాడు. ఆర్డర్లు లేక అవి ఆగి పన్నెండు రోజులైంది. ఇంట్లో గోడ గడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తోంది.

అయినా సాంచెల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. శ్రీవాణి గొంతూ తక్కువది కాదు.

"ఇట్స్ టూ కాస్ట్లీ!" మీసం మెలేసింది. "ఇప్పుడు నువ్వేమనాలె?"

"కుదరది సార్."

"ఇంగ్లిష్ల!"

"నో... సార్ గారూ."

"గట్ల వంగకు, మొగుడు గారూ. క్వాలిటీ అను. ఫార్టీ ఫైవ్ అను."

"క్వాలిటీ ఫార్టీ ఫైవ్!"

"ఇంక తగ్గియ్యి అంటడు. అప్పుడు?"

"ఏడుస్త."

"దాన్ని నెగోషియేషన్ అనరు! సరే, మన లాస్ట్ ప్రైస్ ఎంత? మంచిగ యాదివెట్టుకో."

"మీటరుకు ముప్పై ఎనిమిది!" అరిచాడు ధనుంజయ్.

బయట ఫోన్ మీద జారుతున్న వేలు ఆగింది.

వాకిట్లో బియ్యం ఏరుతున్న మల్లవ్వ ఆ వేలును చూసింది. లెక్కలన్నీ కొడుకువే. ఆమెకు తెలిసింది రాజనర్సుకు జరిగిందే. చేట వదిలేసి లోపలికి ఉరికింది.

"మెల్లగ, బిడ్డా! సాంచెలు బందున్నయ్. గా సారుకు ఇనవడ్తది."

"ఇననియ్యి అత్తమ్మా. గాయనకు తెలుగు రాదట గద."

"రాజనర్సు గూడ గట్లనే అన్నడు!"

శ్రీవాణి అప్పటికే మొగుడి వైపు తిరిగింది.

"పైసా తగ్గిస్తే?"

"వాకౌట్!"

"ఐదు గంటలకు ఎవలొస్తున్నరు?"

"కోరుట్ల సేటు. ముప్పై ఎనిమిది ఇస్తడు. గంతల ఈయన ఒప్పుకోకుంటే గుడ్డ గాయనకే!"

మల్లవ్వ నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

నాలుగున్నరకు కార్తికేయ లోపలికి వచ్చాడు. శ్రీవాణి హడావిడిగా మీసం తుడుచుకుంది. పెదవి పైన నల్లటి మరక మిగిలింది. జామకాయ ముక్కలు, ఉప్పుకారం తెచ్చి ముందు పెట్టింది.

"వేములవాడ గువా, సార్."

"నో, థాంక్యూ."

"క్వాలిటీ ఫార్టీ ఫైవ్, సార్," ధనుంజయ్ అప్పజెప్పాడు.

కార్తికేయ గుడ్డను పట్టి చూడలేదు. లెక్క వేయలేదు. గోడ గడియారం వైపు ఒకసారి చూశాడు. చిన్నగా నవ్వాడు. కాగితం మీద అంకె వేసి తిప్పి చూపించాడు.

"థర్టీ ఎయిట్. ఫైనల్."

మల్లవ్వ గుమ్మంలోంచి వద్దని కొడుక్కు సైగ చేసింది.

ధనుంజయ్ వాకౌట్ చేయలేదు. తల వంచుకున్నాడు. సంతకం పెట్టాడు. శ్రీవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు అదిరాయి.

నలభై వేల మీటర్లు. అడ్వాన్సు ఫోన్‌లో అప్పటికప్పుడే పంపి, కార్తికేయ కారెక్కాడు.

"మునిగినం," మల్లవ్వ నేల మీద కూలబడింది. "ఆని సెవుల వడ్డది. నెత్తినోరు కొట్టుకుంట సెప్పిన గదనే, మెల్లగ మాట్లాడుండ్రని!"

సందు చివర కారు మలుపు తిరిగేదాకా శ్రీవాణి కదల్లేదు. తర్వాత కిటికీ మూసింది. అత్త పక్కన కూర్చుని, ఆ పూట మొదటిసారి గొంతు తగ్గించింది.

"ముప్పై ఒకటికే మనకు మంచిగ మిగుల్తది అత్తమ్మా, గాయన పొద్దుగాల వేములవాడ బస్టాండుల జామకాయలామెతోని ఐదు రూపాయలకు అచ్చం మన తెలుగులనే కొట్లాడంగ నేను సూసిన."