రెండో మైకు

"గివప్ అంటే?" అడిగింది ఏంజెలిన్.

"గివ్ అంటే ఇచ్చుడు, అప్ అంటే మీద. మీదికి ఇచ్చుడు," అన్నాడు పౌలు.

"కాదు డాడీ. ఇడిసిపెట్టుడు. మరి గివిన్?"

"లోపలికి ఇచ్చుడు."

"లొంగిపోవుడు."

పౌలు చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని, విసుక్కుంటూ మళ్ళీ విప్పాడు. ఇంకాసేపట్లో ఆదివారం ఆరాధన. లండన్ నుంచి వచ్చిన దొరగారు ఇంగ్లీషులో ప్రసంగిస్తారు. పక్కనే రెండో మైకు పట్టుకుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాల్సింది పౌలు. పటాన్‌చెరు చర్చిలో ఆ మైకు ఎప్పుడూ అతనిదే. అది చేతిలో ఉంటేనే నలుగురూ "పౌలన్నా" అంటారు. లేకపోతే జిన్నారం ఫ్యాక్టరీలో బాయిలరు ముందు చెమటలు కక్కే మనిషి, అంతే. ఈసారి తడబడితే మైకు ఇంగ్లీషు మీడియంలో చదివిన కుర్రాడు రాకీకి ఇచ్చేస్తామని సంఘపెద్దలు మొహం మీదే చెప్పేశారు.

"ఇచ్చుడే గదనే. మీదికిస్తే ఇడిసిపెట్టుడెట్లయితది, లోపలికిస్తే లొంగిపోవుడెట్లయితది? ఈ భాషల మన్నువడ."

"కంపెనీల షట్‌డౌన్ అంటవు గదా డాడీ. కిందికి మూస్తున్నవా?"

"బాయిలరు బంద్ జేస్తే బందయితది. ఇది నన్ను బంద్ జేసేటట్టున్నది."

"సరే, లుక్ ఆఫ్టర్?"

"తర్వాత సూసుడు."

ఏంజెలిన్ తల పట్టుకుంది. "మంచిచెడ్డలు సూసుకునుడు డాడీ. వారం నుంచి ఇదే చెప్తున్న."

దారంతా ఆ మాటలే గొణుక్కుంటూ, పక్కనే కూతురు దిద్దుతుంటే కసురుకుంటూ చర్చికి చేరాడు పౌలు. హాలు నిండిపోయింది. ముందు వరుసలో రాకీ కోటు వేసుకుని మరీ కూర్చున్నాడు. వాణ్ణి చూడగానే పౌలుకు ఒళ్ళు మండింది, నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఎగిరిపోయాయి.

నెరిసిన జుట్టు దొరగారు భార్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మైకు అందుకున్నారు. పౌలు రెండోది అందుకున్నాడు.

"అందరికి వందనాలు," అన్నారు దొరగారు. "మా నాయిన ఈడ మిషనరీగ పనిచేసిండు, నేను మెదక్‌ల పుట్టి పెరిగిన. మీ ముందట ఇంగ్లీషెందుకు? తెలుగులనే మాట్లాడుత."

హాలంతా చప్పట్లు. రాకీ మొహం వాడిపోయింది. పౌలుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. లోపల్లోపలే దేవుడికి స్తోత్రం చెప్పుకుని, మైకు కింద పెట్టబోయాడు.

దొరగారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"జెర ఆగన్నా. మా ఆమెకు తెలుగు రాదు. నేను చెప్పేదంతా నువ్వు ఇంగ్లీషుల చెప్పాలె."