టీకి రమ్మన్న వేటగాడు

"మూట విప్పు తాతా!"

ఎనెబిష్ మోటారుసైకిల్‌ని ఒంటెకి అడ్డంగా ఆపాడు. గోబీ కొండల్లో ఎలుగులకి కాపలాగా వచ్చి రెండు నెలలు కాలేదు. మిగిలిన కొద్దిపాటి ఎలుగుల్లో ఒక్కటి కూడా తగ్గదని పై అధికారికి మాటిచ్చి మరీ వచ్చాడు.

పుంత్సాగ్ ముసలాయన ఒంటె దిగి మూట విప్పాడు.

అన్నీ రేవల్చిని దుంపలే. చెక్కు తీసి, మెత్తగా దంచి ఉన్నాయి.

"ఎలుగుల తిండి తవ్వుకుపోతున్నావా? మందుల షావుకారు బాగానే ఇస్తున్నాడా?"

"అమ్మడానికి కాదు అబ్బాయ్."

"మరెవరికి?"

పుంత్సాగ్ కొండవైపు చూసి, అరచేత్తో నోరు మూసుకున్నాడు. కొండ ఎదురుగా ఎలుగు ఊసెత్తకూడదని పాత వేటగాళ్ళ పట్టింపు. పట్నంలో పెరిగిన ఎనెబిష్‌కి అది వెక్కిరింతలా కనిపించింది.

"మా గుడారానికి రా నాయనా. తలుపేసుకుని, టీ తాగుతూ చెప్తా."

"ఉప్పు టీ పోసి మంచి చేసుకుందామనా? నా దగ్గర నీ పప్పులుడకవు."

"పోనీ, ఈ మూటైనా కొండ మీది నీటి ఊట పక్కన పెట్టు. నీకు పుణ్యముంటుంది."

"అక్కడ తొట్టి నిండా గుళికల దాణా పోశాం. నీ పెట్టుపోతలు అక్కర్లేదులే!"

ఇంకెప్పుడూ ఆ కొండెక్కనని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపేశాడు.

ముసలాయన మాట మీద నిలబడ్డాడు. ఆ వసంతమంతా కొండ ఛాయలకి రాలేదు. దొంగ పీడ వదిలిందని ఎనెబిష్ మురిసిపోయాడు.

నెలన్నర తర్వాత ఊట దగ్గర ఎలుగు చచ్చిపడి ఉంది.

ముసలి ఆడ ఎలుగు. ఒంటి మీద ఎక్కడా గాయం లేదు, ఉన్నదల్లా ఎముకలే. తల తొట్టి అంచుకి ఆనించి ఉంది. తొట్టి నిండా దాణా ఉంది. కొరకలేక వదిలేసిన గుళికలు చుట్టూ రాలి ఉన్నాయి.

ఎనెబిష్ దాని నోరు తెరిచాడు.

ఒక్క పన్ను కూడా లేదు.

పక్కన బల్లపరుపు రాయి ఒకటి, దంచి దంచి నడుమ గుంటపడి ఉంది. గుంటలో రేవల్చిని పీచు ఎండిపోయి ఉంది. ఆ రాయి మీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రానికి అతను పుంత్సాగ్ గుడారం చేరాడు. ముసలాయన గుమ్మంలో కూర్చుని దంచుతున్నాడు. వెనక ఆరు మూటలు వరసగా ఉన్నాయి.

"వచ్చావా! ఇవన్నీ అవతలి దిబ్బల్లో తవ్వినవే. నీ కొండ తొక్కలేదు, ఒట్టు!"

లోపలికి తీసుకెళ్ళి తలుపేశాడు. కొండ వినకుండా గొంతు తగ్గించాడు.

"దానికి పళ్ళు ఊడి ఐదేళ్ళయింది. నీ గుళికలు కొరకలేదు, పాపం. ఈ మూటలు తీసుకుపో. ఈపాటికి నకనకలాడుతూ ఉంటుంది."

ఎనెబిష్ చేతిలో టీ చల్లారిపోయింది. మూటలకేసి ఒకసారి, ముసలాయనకేసి ఒకసారి చూశాడు.

"అలా చూస్తావేం? అది పాలు తాగే రోజుల్లో దాని తల్లిని కాల్చింది నేనే అబ్బాయ్, మరి దాని కడుపు చూడాల్సింది కూడా నేనే కదా!"