నివసించే దేశం

“మళ్లీ వాపస్ వచ్చిందక్కా,” అంది శాంతి, కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పుతూ. “నీది అయిపోయింది. అన్న పాలసీనే ఆగింది.”

కళావతి తెర వైపు చూడలేదు. పక్క కుర్చీలో ఉన్న భర్త వైపు చూసింది. ప్రేమ్‌సింగ్ గోడ గడియారం చూస్తున్నాడు. నాలుగు దాటింది.

మానుకోటలోని ఆ ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లు వాళ్లు ఎక్కడం ఈ వారంలో ఇది నాలుగోసారి. కళావతికి గూడూరులో విత్తనాల దుకాణం ఉంది. ఈ ఏడు మండలంలో అందరికంటే ఎక్కువ పత్తి విత్తనాలు అమ్మినందుకు కంపెనీ ఆమెకు మలేషియా టూరు ఇచ్చింది. అయితే అది జంటకే. ఇద్దరి ప్రయాణ బీమా కాగితాలూ సాయంత్రం అయిదులోపు చేరకపోతే ఆ రెండు సీట్లూ చిట్యాల డీలరుకు పోతాయి.

“ఈసారి ఏమంటున్నరు మేడం?” అడిగింది కళావతి.

“అదే మాట. ‘నివసించే దేశం’ అన్న గడి కాడనే ఆగుతున్నది. కిందటి ఏడాదంతా ఇండియాలో ఉన్నోళ్లకే ఈ పాలసీ. అన్న మొన్న దసరాకే గదా దుబాయి నుంచి వచ్చింది?”

“అయితే దుబాయి కంపెనీల చేపిస్త,” అన్నాడు ప్రేమ్‌సింగ్.

“అక్కడ చేపియ్యాలంటే అక్కడి నివాస కార్డు ఉండాలె. ప్రయాణం అక్కడి నుంచే మొదలు కావాలె. ఉందా కార్డు?”

“వాపస్ ఇచ్చేసిన.”

“వాపస్ తీసుకున్నట్టు కాగితమన్నా ఉంటది గద? అది పెట్టి పైవాళ్లను బతిమిలాడుత.”

“లేదు.”

“పాత పాస్‌పోర్టు?”

“పోయిందని చెప్పిన గద మేడం! ఎన్నిసార్లు అడుగుతరు?”

శాంతికీ విసుగొచ్చింది. నివాస పత్రం తెమ్మంటే తండా పంచాయతీ నుంచి తెచ్చారు. సర్పంచ్ రాంజీ అందులో ‘ఆరేళ్లుగా దుబాయి నివాసి’ అని గొప్పగా రాయించి, ముద్ర గట్టిగా కొట్టాడు. రేషన్ కార్డు చూద్దామంటే, దుబాయిలో ఉన్నాడని అందులోంచి పేరు ఎప్పుడో తీసేశారు. తండాలో అతని పేరే దుబాయి ప్రేమ్‌సింగ్.

“వద్దులే కళా,” అన్నాడతను. “మలేషియాల ఏముంది? పామాయిల్ తోటలేనట. మనకాడ లేవా?”

“నీకేం, ఎక్కినవ్, దిగినవ్. తండా మీదికెళ్లి విమానం పోతాంటే ఆరేండ్లు పోరగాండ్లంతా నీ పేరు పెట్టి చేతులూపిన్రు. నేను గూడ ఊపిన. ఒక్కసారి నేనూ ఎక్కుత.”

ప్రేమ్‌సింగ్ తల దించుకుని, తమ భాషలో నెమ్మదిగా ఏదో అన్నాడు. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది.

“మేడంకు చెప్పు. ఆరేండ్లు యాడున్నవో, ఏం చేసినవో నీ నోటితోనే చెప్పు. ఏదన్న తొవ్వ దొరుకుతదేమో.”

“చెప్పేదేముంది? కంపెనీల పని. రాత్రి డ్యూటీ.”

“ఎండలు బాగ కొడతయట గద అన్నా?” శాంతి మాట మార్చింది.

“ఎండకు కాదు మేడం, బూడిదతోనే పరేషాన్. ముక్కులల్ల, చెవులల్ల...”

“ఇసుక,” అంది కళావతి గబుక్కున. “ఇసుకనే గట్లంటడు.”

శాంతి అతన్ని పరీక్షగా చూసింది. ఆరేళ్లలో ఒక్క పండుగకూ ఇంటికి రాలేదట. వీడియో కాల్ చేసినా గది గోడ తప్ప ఏమీ చూపించలేదని మొన్న కళావతే నవ్వుతూ చెప్పింది. అక్కడ ఇంకో సంసారం ఉండి ఉంటుంది. పాత పాస్‌పోర్టు బయటికి తీయకపోవడం అందుకేనేమో. పాపం, ఈమెకు తెలిసినట్టు లేదు.

“అక్కా, ఒక్కటే తొవ్వ. అన్న ఇన్నాళ్లూ ఈ దేశంలనే ఉన్నడని ముద్రలున్న కాగితం ఏదన్న కావాలె. లేనిది యాడికెళ్లి తెస్తం? చిట్యాలోళ్లకే పోనీయిండ్రి.”

ప్రేమ్‌సింగ్ లేచాడు. “నడువ్, ఇగ అయిపాయె.” ఆ గొంతులో బాధ కంటే తేలికదనమే ఎక్కువగా వినిపించింది.

“కూసో,” అంది కళావతి.

గడియారంలో నాలుగున్నర. ఆమె తన చేతిసంచిని ఒళ్లోకి తీసుకుంది.

“మేడం, మీకిచ్చిన కాగితం సంగతి తండాల ఎవలకన్న తెలుస్తదా?”

“ఎట్ల తెలుస్తది? కంపెనీకి పోతది, అంతే.”

“సర్పంచ్‌కు?”

“ఎవలకూ తెల్వదక్కా.”

కళావతి సంచిలోంచి పత్తి విత్తనాల ఖాళీ పొట్లం తీసింది.

“నువ్వు వచ్చిన్నాడు నీ పెట్టె సదిరింది నేనే,” అంది భర్తతో. “ఇయ్యాలన్న నువ్వే చెప్తవని చూసిన.”

పొట్లంలోంచి ఒక అట్ట కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని చూడగానే ప్రేమ్‌సింగ్ వెళ్లి ఆఫీసు తలుపు దగ్గరికి వేశాడు.

శాంతి కార్డును వెలుతురుకు తిప్పింది. అతని ఫోటో. కింద ఏడాదికొకటి చొప్పున ఆరు ముద్రలు.

అది ఇక్కడికి మూడు గంటల బస్సు దూరంలో ఉన్న చెల్పూర్ బొగ్గు కరెంటు ప్లాంటు గేటు పాసు.