ఒక్క కారు చోటు

వెళ్లేచోట పార్కింగ్ ఖాళీ ఉంటేనే కారు కదలాలన్న నియమం వచ్చాక బెజవాడ రోడ్లు కడిగిన పళ్లేల్లా ఉన్నాయి.

స్రవంతి అన్నయ్య చావుబతుకుల్లో ఉన్నాడు. ఆసుపత్రిలో రోగి బతికున్నన్నాళ్లూ అతని పేరున ఒక్క కారుకే చోటు. అందులో వదిన కారుంది; అన్నయ్య ప్రాణంతో ఉన్నంతవరకూ ఆమె అక్కణ్నుంచి కదలదు. స్రవంతి భర్త కిరీటి, ఆసుపత్రి పక్కనున్న కల్యాణమండపంలో చోటు తీసుకున్నాడు. అది అతిథులకే. భోంచెయ్యనిదే బయటికెళ్లే గేటు తెరుచుకోదు.

ముక్కూమొహం తెలియని జంట మీద అక్షింతలు చల్లి, ఇద్దరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"నాకు దిగట్లేదండీ," అంది స్రవంతి.

"బూరె ఒక్కటి తినెయ్. కెమెరా చూస్తోంది."

ఆమె నోట్లో పెట్టుకోగానే కిరీటి ఫోన్ పలికింది. "మీ రోగి పేరున ఉన్న చోటు ఇప్పుడే ఖాళీ అయింది."

"హమ్మయ్య, దొరికింది. పద," అన్నాడతను.

స్రవంతి బూరెను విస్తట్లోకి ఉమ్మేసింది.